టాబ్ ఇచ్చి వెనక కూర్చోబెట్టకండి, టీచర్ గారూ

ప్రశ్న: నమస్తే మేడం. పరకాల వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో సైన్స్ చెప్తాను, ఆరో తరగతికి క్లాస్ టీచర్ని. నా క్లాసులో ఇద్దరు పిల్లల గురించి రాస్తున్నాను. ఒకరు బాబు, పన్నెండేళ్ళు. చదవడం రాదు, రాస్తే అక్షరాలు తారుమారు. కానీ వాళ్ళ బాపుతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి పోయి వచ్చాడంటే ఎన్ని క్వింటాళ్ళ పత్తి, ఏ ధర పలికింది, ఎంత తరుగు తీశారు, అన్నీ నోటి లెక్కతో చెప్తాడు. ఇంకొకరు పాప, చెవికి మిషన్ పెట్టుకుంటుంది, మాట కొంచెం వస్తుంది, క్లాసులో మాత్రం నోరు విప్పదు. మా బడిలో పై తరగతుల గదిలో పెద్ద డిజిటల్ బోర్డు ఉంది. సైన్స్ పీరియడ్‌కి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి వీడియోలు చూపిస్తున్నాను. మిగతావాళ్ళకు బాగానే ఉంది, వీళ్ళిద్దరు ఇంకా వెనకబడుతున్నారు. ఒక టాబ్ ఉంది, "అది వాళ్ళకిచ్చి వెనక కూర్చోబెట్టండి, మీకూ టెన్షన్ ఉండదు" అని స్టాఫ్‌రూంలో అంటున్నారు. మా ఊరి నుంచి అమెరికా వెళ్ళిన ఒక పూర్వ విద్యార్థి 20 వేలు ఇస్తానన్నారు. ఏ యాప్ కొనాలి? ఇంకో టాబ్ కొనాలా?

జవాబు: టీచర్ గారూ, నమస్తే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ బాబు నోటి లెక్క గురించి మీరు రాసిన మాట దగ్గర ఆగిపోయాను. చదవడం రాని పిల్లాడిలో అంత లెక్క ఉందని గమనించారంటే సగం పని మీరే చేసేశారు. నేను చాలా ఏళ్ళు భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే సర్కారు కేంద్రం) ఐఈఆర్పీగా, అంటే ఆ పిల్లలకు నేర్పే టీచర్‌గా పనిచేసి, శనివారాలు మంచాన ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి, మిగతా రోజుల్లో బడులు తిరిగిన మనిషిని. ఆ అనుభవంతోనే చెప్తున్నాను, డబ్బుల సంగతి చివరికి పెట్టుకుందాం. ముందు ఆ టాబ్ సంగతి.

వెనక కూర్చోబెట్టకండి. దయచేసి. ఆ పని నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి బడిలో, క్లాసులో కుదురుగా కూర్చోలేని ఒక పిలగాడికి టాబ్‌లో రంగుల ఆటలు పెట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. అల్లరి లేదు, అందరికీ హాయి. నాలుగు నెలలకు ఆ పిల్లాడికి ఇంగ్లిష్‌లో పది రంగుల పేర్లు వచ్చాయి, కానీ పక్క బెంచీలో ఉన్న పిల్లలు ఒక్కరు కూడా వాడితో మాట్లాడటం లేదు, మధ్యాహ్నం భోజనానికి వాడి కోసం ఎవరూ ఆగడం లేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది. క్లాసులోకి తీసుకురావడానికి వాడాల్సిన వస్తువును క్లాసు నుంచి బయటికి పంపడానికి వాడాం.

కాబట్టి ఏ యాప్ అని అడిగే ముందు, ఈ వారంలో ఒక్క పీరియడ్ మీ క్లాసును ఇంకో టీచర్‌కి అప్పగించి ఆ ఇద్దరి పక్కన కూర్చోండి. చేతిలో ఒక కాగితం పెట్టుకొని, ఏ నిమిషంలో ఏ పని దగ్గర వాళ్ళకు పాఠం తెగిపోయిందో రాసుకోండి. ఇద్దరికీ తెగే చోటు ఒకటి కాదు. మీరు చూపించే వీడియో బాబుకు మేలు చేస్తుంది, పాపకు మాత్రం మీ పీరియడ్ మొత్తంలో అదే కష్టమైన భాగం అని నా అనుమానం. ఎందుకో చెప్తాను.

పాప సంగతి ముందు. చెవి మిషన్ పెట్టుకున్నంత మాత్రాన మనకు వినపడినట్టు వినపడదు. మాటను పెంచినట్టే ఫ్యాన్ శబ్దాన్నీ, బెంచీలు జరిపే చప్పుడునూ, వరండాలో పిల్లల గోలనూ కూడా పెంచుతుంది. మాట్లాడే మనిషి దూరమయ్యే కొద్దీ మాట సన్నబడుతుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. అందుకే ఈ పిల్లలు సగం చెవితో, సగం కంటితో వింటారు. మీ పెదాలు, మీ ముఖం చూసి మాటను పూర్తి చేసుకుంటారు. ఇప్పుడు ఆ వీడియో గుర్తు తెచ్చుకోండి. తెర మీద గుండె బొమ్మ తిరుగుతుంటుంది, మాట్లాడే మనిషి ముఖం ఎక్కడా కనపడదు, వెనక సంగీతం, గదిలో ఖాళీ గోడల ప్రతిధ్వని. ముఖం లేని గొంతు అది. పాప బొమ్మ చూస్తుంది, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వుతుంది, "అర్థమైందా?" అంటే తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్ని నమ్మకండి. "ఏం అర్థమైంది, బొమ్మ గీసి చూపించు" అనండి, అప్పుడు తెలుస్తుంది.

మరి వీడియో మానేయాలా అంటే అక్కర్లేదు. సౌండ్ తీసేయండి. తెర పక్కన నిలబడి, వెలుగు మీ ముఖం మీద పడేలా (కిటికీ మీ వెనక ఉంటే ముఖం చీకటైపోతుంది, అది చూసుకోండి) మీరే చెప్పండి. ఒక చిన్న విషయం చాలామంది మర్చిపోతారు: ఆ పాప బొమ్మనూ మీ పెదాలనూ ఒకేసారి చూడలేదు. అందుకని అరనిమిషం వీడియో ఆడించి, ఆపి, తన వైపు తిరిగి రెండు మాటలు చెప్పి, మళ్ళీ ఆడించండి. నల్లబల్ల మీద రాస్తూ మాట్లాడే అలవాటు మనందరికీ ఉంది, వీపు చూపిస్తూ చెప్పిన మాట తనకు అందదు. రాయండి, తిరగండి, అప్పుడు మాట్లాడండి. ఇంకో పని, పాఠానికి ముందు రోజు సాయంత్రం ఐదారు కొత్త మాటలు, ఆమ్లం, క్షారం, ద్రావణం లాంటివి, ఒక చీటీ మీద బొమ్మతో సహా రాసిచ్చి ఇంటికి పంపండి. ముందే తెలిసిన మాటను పెదాల మీద పట్టుకోవడం సులువు, తెలియని మాటను పట్టుకోవడం పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు.

మీ దగ్గర ఉన్న ఫోన్‌లోనో ఆ టాబ్‌లోనో పెట్టుకోవడానికి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని గూగుల్ వాళ్ళ యాప్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది, 2019 నుంచి ఉంది. భాష తెలుగు పెట్టుకుంటే మీరు మాట్లాడేది అక్షరాలుగా తెర మీద వస్తూ ఉంటుంది. ఆ టాబ్‌ను పాప బెంచీ మీద, మొదటి వరుసలో, స్టాండ్‌కి పెట్టండి. దీంతో అద్భుతాలు జరుగుతాయని చెప్పను. నెట్ బాగుండాలి, గోలలో తప్పులు వస్తాయి, మనం "గిట్ల చేస్తే గట్ల అయితది" అని మన ఊరి మాటలో వేగంగా చెప్తే అది తడబడుతుంది, నిదానంగా పాఠం చెప్పే భాషలో చెప్తే బాగానే రాస్తుంది. టాబ్ దూరంగా ఉంటే మీ గొంతు దానికీ సరిగా అందదు, కాబట్టి చొక్కాకో చీర కొంగుకో తగిలించుకునే చిన్న మైక్ ఒకటి ఉంటే తేడా బాగా తెలుస్తుంది. పాపకు చదవడం వచ్చా లేదా అన్నది మీరు రాయలేదు. వస్తే ఈ యాప్ పనికొస్తుంది. రాకపోతే కదిలే అక్షరాలు తనకు ఇంకో గోలే, అప్పుడు బొమ్మల చీటీలు, మీ ముఖం, పక్క పిల్ల సాయం, వీటితోనే నడపాలి.

పక్క పిల్ల అన్నాను కదా. క్లాసులో నిదానంగా మాట్లాడే పిల్లను ఒకరిని పాప పక్కన కూర్చోబెట్టి, పేజీ నంబరు ఎంతో చూపించడం, ఎవరు మాట్లాడుతున్నారో చేత్తో చూపించడం, ఈ రెండు పనులు అప్పగించండి. వెనక బెంచీ నుంచి ఎవరో జవాబు చెప్తే పాప వెనక్కి తిరిగేలోపు ఆ మాట అయిపోతుంది. మీరు ఆ జవాబును మళ్ళీ ఒకసారి ముందు నిలబడి చెప్పండి. ఏ మిషన్ చేయని పని ఇది.

ఇక ఆ చెవి మిషన్ అసలు పనిచేస్తోందా? నవ్వకండి, నేను చూసిన మిషన్లలో బ్యాటరీ అయిపోయి ఊరికే చెవికి వేలాడుతున్నవి ఎన్నో. పిల్ల చెప్పదు, ఇంట్లో కొత్తది కొనాలంటే పట్నం పోవాలని తెలుసు కదా, అడగడానికి మొహమాటం. రోజూ ప్రేయర్ అయ్యాక పాపను పక్కకు పిలిచి, మీ నోరు చేత్తో అడ్డం పెట్టుకొని "ఆ, ఊ, ఈ, మ్, ష్, స్" అని ఒక్కొక్కటే మామూలు గొంతుతో అనండి, తిరిగి చెప్పమనండి. ఆరు శబ్దాలు, అర నిమిషం. నిన్న చెప్పినవి ఈరోజు చెప్పలేకపోతే మిషన్‌లోనో చెవిలోనో ఏదో తేడా వచ్చింది. బ్యాటరీల సంగతి కూడా తెలుసుకొని ఉంచుకోండి. చెవి వెనక పెట్టే మిషన్లకు ఎక్కువగా 13 నంబరు (నారింజ రంగు స్టిక్కర్) లేదా 675 నంబరు (నీలం స్టిక్కర్) పడుతుంది. స్టిక్కర్ తీశాక గాలి తగిలి పనిచేయడం మొదలుపెడతాయి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మిషన్‌లో వేయాలి, స్టిక్కర్ తీసి పక్కన పెడితే వాడకపోయినా అయిపోతాయి. మిషన్ కీచుమని ఈల వేస్తుంటే చాలావరకు చెవిలో పెట్టే అచ్చు వదులైనట్టే, పిల్ల ఎదిగింది, చెవి పెరిగింది, అచ్చు పాతదే. ఎండాకాలం చెమటకు తడి చేరుతుంది, రాత్రి పూట మిషన్‌ని తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బీలో పెట్టమనండి.

బాబు దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

చదవడం నేర్పడం వేరు, చదువు చెప్పడం వేరు. ఈ రెండింటినీ మనం ఒకే గంపలో వేసి, చదవడం వచ్చేదాకా చదువే రాదని తీర్మానించేస్తాం. ఆ బాబుకు కిరణజన్య సంయోగక్రియ అర్థం కావడానికి చెవులు చాలు, బుర్ర చాలు, రెండూ ఉన్నాయి. పుస్తకం చదవలేకపోవడం వల్ల ఆరో తరగతి సైన్సే ఆగిపోతే, రేపు చదవడం వచ్చినా ఎనిమిదో తరగతిలో ఏమీ అర్థం కాదు. అందుకని రెండు పనులు పక్కపక్కన నడవాలి. పాఠం చెవి ద్వారా ఇప్పుడే అందాలి, చదవడం రోజూ కొంచెం కొంచెం విడిగా నేర్పాలి.

పాఠం చెవికి అందించడానికి అన్నిటికన్నా మంచి యంత్రం మీ గొంతే. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, పాఠాన్ని మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా చదివి టాబ్‌లో వేయండి. మీకు తీరిక లేకపోతే తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించండి, పోటీపడి చదువుతారు. తెలంగాణ ప్రభుత్వ చానల్ టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, వేగం 0.75కి తగ్గించుకొని రెండోసారి వినొచ్చు. ఫోన్ చదివి వినిపించే సౌకర్యం కూడా ఉంది: ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసి, తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసుకొని, వేగం తగ్గించి పెట్టుకోవచ్చు.

ఇక్కడ మీకు ఒక చిక్కు ఎదురవుతుంది, ముందే చెప్తున్నాను. తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు అను లాంటి పాత అచ్చు పని (డీటీపీ) ఫాంట్లతో తయారైనవి, యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. కంటికి చక్కగా తెలుగే కనిపిస్తుంది గానీ, అక్షరాలను కాపీ చేస్తే పిచ్చి గీతలు, గుర్తులు వస్తాయి, ఫోన్ వాటినే చదివి ఏదేదో పలుకుతుంది. "తెలుగుకు ఈ యాప్ పనిచేయదు" అని చాలామంది అక్కడే వదిలేస్తారు. తప్పు యాప్‌ది కాదు. పుస్తకం పేజీని ఫోటో తీసి గూగుల్ లెన్స్‌తో చూపిస్తే బొమ్మలోంచి అక్షరాలను పట్టుకొని యూనికోడ్‌గా ఇస్తుంది, అప్పుడు చదువుతుంది. ఒత్తుల దగ్గర అక్కడక్కడా తప్పు చేస్తుంది, మీరు ఒకసారి సరిచూసి ఇవ్వండి. 2022-23 నుంచి మన సర్కారు బళ్ళల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చి పుస్తకాలు ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు ఉన్నాయి కదా, ఇలాంటి పిల్లాడికి అది వరమే. తెలుగు పేజీ వినిపించండి, ఇంగ్లిష్ పేజీలో బొమ్మ, ముఖ్యమైన నాలుగు మాటలు చూపించండి, అక్కడితో ఆపండి. ఒకేసారి రెండు లిపులతో కుస్తీ పట్టించకండి.

ఇప్పుడు చదవడం నేర్పడం. తెలుగులో చిక్కుపడే పిల్లలు సాధారణంగా అచ్చులు, హల్లుల దాకా ఎలాగో వస్తారు, గుణింతం దగ్గర తడబడతారు, ఒత్తుల దగ్గర కూలబడతారు. ప, వ, ష ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయో చూడండి, మ, య కూడా అంతే. మనకు కంటికి అలవాటైపోయి తేడా కనిపిస్తుంది గానీ వాళ్ళకు కనిపించదు. మీ బాబు ఎక్కడ ఆగుతున్నాడో ముందు పట్టుకోండి, "అక్షరాలు తారుమారు" అంటే సరిపోదు, ఏ అక్షరాలు అన్నది కావాలి. ఆ పెద్ద డిజిటల్ బోర్డు మీద వేలితో "వ" రాయించి, దాన్నే కొంచెం మార్చి "ప" చేయించండి, చెరిపించండి, మళ్ళీ రాయించండి. చేయంతా కదిలి పెద్దగా రాసింది గుర్తుంటుంది, నోట్‌బుక్‌లో పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే పదిసార్లు అదే తప్పు రాస్తాడు.

అన్నిటికన్నా నాకు నమ్మకం ఉన్న పని ఇంకొకటి. ఒక పిలగాడు ఉండేవాడు నా దగ్గర, పదేళ్ళు, పుస్తకం తెరిస్తే కడుపునొప్పి అనేవాడు. ఒకరోజు ఫోన్‌లో తెలుగు కీబోర్డు తీసి, మైక్ గుర్తు నొక్కి, "మీ ఇంట్లో ఏమైందో దీనికి చెప్పు" అన్నాను. కాసేపు సిగ్గుపడి, తర్వాత గబగబా "మా మేక ఈనింది, రెండు పిల్లలు, ఒకటి నల్లది" అన్నాడు. తెర మీద "మా మేక ఈ నింది" అని విడిగా పడింది. నేను ఏమీ అనలేదు. వాడు వేలు పెట్టి చూసి చూసి, "గట్ల కాదు టీచర్, ఈనింది కలిపి ఉండాలె" అన్నాడు. చదవడం రాని పిల్లాడు తప్పు పట్టుకున్నాడు! ఎందుకంటే అది వాడి మాట, అందులో ఏముందో వాడికి ముందే తెలుసు. ఆ మూడు ముక్కల్ని పెద్ద అక్షరాల్లో, వరుసల మధ్య బాగా ఎడం పెట్టి ప్రింట్ తీసి ఇచ్చాను. వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగి, కనిపించిన ప్రతి ఒక్కరికీ చదివి వినిపించాడు. ఆ తర్వాత "ఈనింది"లో ఉన్న "ంది" ఇంకెక్కడెక్కడ ఉందో వెతకమన్నాను, వచ్చింది, పోయింది అనుకుంటూ గోడ మీద ఉన్న చార్టులన్నీ వెతికాడు.

మీ బాబుతో ఎనుమాముల నుంచి మొదలుపెట్టండి. "బాపు పత్తి అమ్మిండు" అంటే "అమ్మాడు" అని దిద్దకండి, కనీసం మొదటి నెల. వాడు పలికినట్టే అక్షరాల్లో కనపడాలి, అప్పుడే అక్షరానికీ నోటికీ ముడి పడుతుంది. రోజుకు ఐదారు వాక్యాలు, పదిహేను నిమిషాలు, అందరి ముందూ కాదు, భోజనం తర్వాత. ఇంట్లో ఫోన్ ఉంటే గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ పెట్టించండి, 2019లో మన దేశంలోనే బోలో అనే పేరుతో మొదలైంది, తెలుగు కథలున్నాయి, పిల్లాడు పైకి చదువుతుంటే విని తప్పిన మాటను పలికి చూపిస్తుంది. పన్నెండేళ్ళ పిల్లాడికి చిన్నపిల్లల కథలు నామోషీగా అనిపించొచ్చు. వాళ్ళింట్లో చెల్లెలో తమ్ముడో ఉంటే "వాళ్ళకు చదివి వినిపించు" అనండి, నామోషీ పోతుంది.

పరీక్షలు కూడా దీన్ని బట్టే ఉండాలి. ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే చిన్న పరీక్షల్లో) మీరు ప్రశ్న చదివి వినిపించి జవాబు నోటితో చెప్పించుకోవచ్చు, టాబ్‌లో రికార్డు చేసుకుంటే రేపు ఎవరు అడిగినా చూపించడానికి ఆధారం ఉంటుంది. ఎవరైనా ఇది మిగతావాళ్ళకు అన్యాయం అంటే, సైన్స్ పరీక్షలో మనం సైన్స్ చూస్తున్నామా చేతిరాత చూస్తున్నామా అని అడగండి. ఇది మీ దయ కూడా కాదు, చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, చదవడం రాయడంలో వచ్చే ఈ ప్రత్యేక ఇబ్బంది అందులో ఉంది. అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి 17వ సెక్షన్‌లోనే రాసి ఉన్నాయి.

కానీ దానికి కాగితం కావాలి, కాగితానికి టైం పడుతుంది, అందుకే పదో తరగతి దాకా ఆగకండి. బాబుకు డిస్లెక్సియా (చదవడం రాయడంలో వచ్చే ఆ ఇబ్బంది) అని మీరూ నేనూ ముద్ర వేయకూడదు. చూపు మందగించిందేమో, చిన్నప్పుడు బడి మానేసిన నెలలున్నాయేమో, అవన్నీ చూడాలి. ఎన్‌సీఈఆర్టీ వాళ్ళు 2022లో తెచ్చిన ప్రశస్త్ అనే యాప్ ఉంది, టీచర్లు మొదటి వడపోత చేయడానికి. మీరు నింపండి, మండలంలోని భవిత కేంద్రం ఐఈఆర్పీకి చెప్పండి, యూడైస్‌లో (బడుల వివరాలు నమోదు చేసే సర్కారు వెబ్‌సైట్) ఇద్దరి పేర్లూ ప్రత్యేక అవసరాల పిల్లలుగా నమోదయ్యాయో లేదో హెచ్‌ఎం గారిని అడిగి చూసుకోండి, నమోదు కాకపోతే అలవెన్సులు గానీ ఉపకరణాలు గానీ వాళ్ళ దాకా రావు. బడికి ఆర్బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) డాక్టర్ల బృందం వచ్చినప్పుడు ఈ ఇద్దర్నీ దగ్గరుండి చూపించండి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రాయించుకోవచ్చు. సర్టిఫికెట్‌కి తిరగడం అమ్మానాన్నలకు కూలి పోగొట్టుకునే పని, పత్తి ఏరే రోజుల్లో అసలు పోలేరు, కాబట్టి ఏ కాగితాలు కావాలో ముందే మీరు ఫోన్ చేసి కనుక్కొని చెప్తే ఒకటికి రెండుసార్లు తిరగక్కర్లేదు.

ఇంకో మాట, ఫోటోలు. టాబ్ వాడుతున్న పిల్లల ఫోటోలు, వీడియోలు గ్రూపుల్లో పెట్టమని అడుగుతారు. ఆ పాప చెవి మిషన్, ఆ బాబు తడబడే గొంతు ఊరంతా తిరగనివ్వకండి. ఆధారం కావాలంటే చేతులు, పుస్తకం కనిపించేలా తీయండి, ముఖాలు వద్దు.

ఇక ఆ 20 వేలు. యాప్ కొనొద్దు, నేను చెప్పినవన్నీ ఉచితమే. ఇంకో టాబ్ కూడా వద్దు. నేను తిరిగిన ఒక బడిలో, పోతే ఎవరు కట్టాలని స్టాక్ రిజిస్టర్ భయంతో టాబ్‌ని బీరువాలో పెట్టి తాళం వేశారు, ఏడాదికి తీస్తే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. మీ దగ్గర ఉన్నదాన్ని రోజూ బయటికి తీయించండి, రోజు చివర ఎవరు లోపల పెట్టాలో ఒకరి పేరు రాయించండి, చాలు.

ఆ డబ్బుతో ముందు పాప చెవి అచ్చు కొత్తది చేయించండి, మిషన్ ఇచ్చిన చోటైనా సరే, హన్మకొండలో ఆడియాలజిస్ట్ దగ్గరైనా సరే. ఏడాదికి సరిపడా బ్యాటరీలు ఒకేసారి కొనకండి, మూడు నెలలకొకసారి కొనండి, ప్యాకెట్ మీద తేదీ చూసి. తర్వాత, మీరు పాఠం చెప్పే ఆ గదికి మందపాటి కర్టెన్లు వేయించండి, తెర మీద వెలుగు తగ్గుతుంది, ప్రతిధ్వనీ తగ్గుతుంది, కింద రెండు జంపఖానాలు పరిస్తే ఇంకా మంచిది. బెంచీ కాళ్ళకు రబ్బరు బుడిపెలు వేయించండి. మీకు ఒక తగిలించుకునే మైక్, టాబ్‌కి స్టాండు, తీగ ఉన్న హెడ్‌ఫోన్లు రెండు జతలు, వాటిని ఒకేసారి గుచ్చే చిన్న స్ప్లిటర్ తీసుకోండి. రెండు జతలు ఎందుకంటే బాబు పాఠం వినేటప్పుడు పక్కన ఒక దోస్తు కూడా వింటాడు, ఇద్దరూ తర్వాత దాని గురించి మాట్లాడుకుంటారు. కరెంటు పోయే రోజులకు ఒక పవర్ బ్యాంక్. మిగిలింది ఏడాది నెట్ రీచార్జికి పెట్టండి.

ఆ అమెరికా ఆయనకు ఫోటో కావాలంటే కర్టెన్ల ఫోటో పంపండి. వీలైతే బాబు చెప్పిన పత్తి లెక్క మొదటి పేజీ ప్రింట్ కూడా, బాబును అడిగి, వాడు సరేనంటేనే. దసరా సెలవుల తర్వాత మళ్ళీ రాయండి, ఏ అక్షరాల దగ్గర ఆగుతున్నాడో, పాప ఆ ఆరు శబ్దాల్లో ఏవి పట్టుకోలేకపోతోందో రాస్తే, అక్కడి నుంచి ఏం చేయాలో చెప్తాను.